గోడవైపు తిప్పిన ఫోటో

ఆ ఫ్రేము జోలికి వెళ్ళకండి సుబ్బారావుగారూ. అది గోడవైపు తిరిగి ఉండటం పొరపాటు కాదు, నేనే తిప్పాను. కూర్చోండి, టీ వస్తోంది. పోయిన నెల మీ ముందే, ఇదే బల్ల గుద్ది మరీ చెప్పి వెళ్ళానుగా, మంచుకొండ ఎక్కి వస్తానని. వెళ్ళాను. వచ్చాను. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియనివ్వకూడదనుకున్నాను గానీ, మా బావమరిది మురళి నోరు మీకు తెలుసుగా. భవానీపురంలో సగం మందికి ఇప్పటికే చేరిపోయింది. వాడి నోట వినేకంటే నా నోటే వినండి. నన్ను తిట్టే అవకాశం కనీసం నాకైనా దక్కుతుంది.

అసలు తప్పెక్కడ మొదలైందంటే, నాకు ఐసు తెలుసు అనుకోవడంలో. ఎందుకు అనుకోను చెప్పండి. మా నాన్న కొల్లేటి చేపలు గంపల్లో సర్ది, పైన ఐసు కొట్టి, హౌరా బండి ఎక్కించేవాడు. నేను ఆ ఐసే తయారుచేయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. దిమ్మ మీద గోటితో గీస్తే చాలు, అది బందరు దాకా నిలుస్తుందో, ఉయ్యూరు దాటగానే నీరైపోతుందో చెప్పేస్తాను. మా కోటయ్య మేస్త్రి కూడా ఐసు విషయంలో నన్నడక్కుండా అడుగు వేయడు. అలాంటివాడితో నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఐసు గురించి మాట్లాడితే ఒళ్ళు మండదా?

మురళి ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్న దగ్గర జూనియర్ ఇంజనీరు. పోయినేడు స్నేహితులతో కలిసి హిమాలయాలకి వెళ్ళొచ్చాడు. వెళ్ళొచ్చినవాడు ఊరుకోవాలిగా. ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి రావడం, మా ఆవిడ వండిన కొర్రమేను పులుసు లాగించడం, ఆ తర్వాత ఫోటోల కవరు తీసి "ఇది మేమెక్కిన కొండ, ఇది మేం పడిన చోటు, ఇది మేం లేచిన చోటు" అని మొదలెట్టడం. పడి లేవడానికి అంత దూరం పోవాలా, మా ఫ్యాక్టరీలో రోజుకి నలుగురు పడి లేస్తుంటారు. అదే అన్నాను.

"అలా తీసిపారేయకండి బావగారూ," అన్నాడు. "మంచు వేరండీ, ఐసు వేరండీ."

"రెండూ నీళ్ళే కదరా."

"నీళ్ళేనండీ. కానీ మీ ఐసుని మీరు చెప్పినట్టు వినేలా తయారుచేస్తారు. అక్కడ మంచు ఎవరి మాటా వినదు."

చూశారా పొగరు. పులుసన్నం చేత్తోనే బల్ల గుద్దాను. నువ్వెక్కిన ఆ కొండే ఎక్కుతాను, నీ కళ్ళముందే ఎక్కుతాను, పైన నిలబడి ఫోటో దిగుతాను, ఆ ఫోటో ఫ్రేము కట్టించి, నా ఆఫీసు గోడకి మేకు కొట్టి పెట్టుకుంటాను అన్నాను. ఎక్కలేకపోతే ఏం చేస్తారన్నాడు. ఎక్కలేకపోతే నువ్వు తీసిన ఫోటోల్లో నీ ఇష్టం వచ్చింది ఇయ్యి, అదే ఫ్రేములో, అదే మేకుకి ఏడాది పాటు వేలాడదీస్తాను అన్నాను. మా ఆవిడ మజ్జిగ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏవండీ, నేను విన్నాను. తర్వాత అనలేదంటే కుదరదు," అంది. ఆవిడ ఎవరి పక్షమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడే టేకు చెక్కతో ఫ్రేము కట్టించి, అద్దం వేయించి, ఇక్కడ తగిలించాను. లోపల ఏమీ లేదు. వచ్చినవాళ్ళంతా అడిగేవాళ్ళు, ఖాళీ ఫ్రేమేమిటండీ అని. "అందులోకి అయ్యగారొస్తారండి," అనేవాడు కోటయ్య. ఆ మాటకి వాళ్ళు నావంక అదోలా చూసేవాళ్ళు. ఒకరోజు కోటయ్యే వచ్చి, "అయ్యగారండీ, ఫ్రేముకి దండేమైనా వేయమంటారాండి?" అని అడిగాడు. వాడు అమాయకంగా అడిగాడో వెక్కిరించాడో తెలియక తిట్టి పంపాను. ఆ దండ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నాకైతే తర్వాత బాగా గుర్తొచ్చింది.

మార్చి ఆఖర్లో బయల్దేరాం. చలికాలం అయిపోవస్తుంది కాబట్టి కొండమీద తేలిగ్గా ఉంటుందని నా లెక్క. మురళి ఒక పెద్ద జాబితా రాసిచ్చాడు, ఉన్ని మేజోళ్ళు, నల్లద్దాలు, మేకుల బూట్లు, ఇనుప మొన ఉన్న కర్ర అంటూ. పెళ్ళికొడుక్కి కూడా అంత సామాను అక్కర్లేదు. నేను ఒక ఉన్ని ప్యాంటు కుట్టించుకుని, ఒక స్వెట్టరూ మంకీ క్యాపూ కొనుక్కుని, కాన్వాసు బూట్లు వేసుకున్నాను. అసలు సామాను మాత్రం ఫ్యాక్టరీ నుంచి తీసుకున్నాను. ఆరు గోనె సంచులు, ఒక చుట్ట కొబ్బరి తాడు.

గోనె ఎందుకంటారా. మీరు గంపల వ్యాపారం చేస్తారు గానీ ఐసు మీద నడవలేదుగా. మా వాళ్ళు దిమ్మల మీద పనిచేసేటప్పుడు కాళ్ళకి గోనెపట్టా చుట్టుకుంటారు. పొడిది కాదు, తడిపింది. తడి గోనె ఐసుని పట్టుకుంటుంది, జారనివ్వదు. ఇంకో గోనె మడతపెట్టి వెనక నడుముకి కట్టుకుంటారు, కావాల్సినప్పుడు దిమ్మ మీదే కూర్చుని బీడీ కాల్చుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కడికి కాలు విరిగింది లేదు. మేకుల బూట్లు ఎందుకండీ, మా గోనె ముందు?

ఢిల్లీకి ఒక రైలు, అక్కణ్ణుంచి పఠాన్‌కోటకి ఇంకో రైలు, ఆపైన పగలంతా బస్సు. దిగిన ఊరి పేరు నా నోటికి సరిగ్గా రాదు, వదిలేయండి. చలికాలం ఆఖరు కదా, ఊళ్ళో మంచంతా కరిగి బురదైపోయింది. ఎక్కడో ఒక గోడ నీడన నల్లగా మాసిపోయిన మంచు కుప్ప ఒకటి మిగిలితే, దాని చుట్టూ ఢిల్లీ నుంచి వచ్చిన జనం. అద్దెకి తెచ్చుకున్న బొచ్చు కోట్లు తొడుక్కుని, ఆ కుప్ప మీద ఒక కాలు పెట్టి ఫోటోలు. మా ఫ్యాక్టరీ వెనక కాలవలో పారబోసే విరుగు ముక్కలు అంతకంటే శుభ్రంగా ఉంటాయి. వీళ్ళని ఒకసారి భవానీపురం తీసుకొస్తే కాలవలో దిగి స్నానాలు చేసేలా ఉన్నారు అన్నాను మురళితో. వాడు నవ్వలేదు.

మురళి పోయినేడు దారి చూపడానికి వెంట తీసుకెళ్ళిన ముసలాయన్నే మళ్ళీ మాట్లాడాడు. పేరు దేవీసింగ్. అరవై దాటి ఉంటాయి. కాళ్ళకి బూట్లు కూడా లేవు, ఎండుగడ్డి పేని అల్లిన చెప్పులు. నాకు హిందీ రాదు, మురళే మధ్యలో. మీ బావగారేం చేస్తారని అడిగాడు దేవీసింగ్. ఐసు తయారుచేస్తారని చెప్పాడు మురళి.

ముసలాయన అర్థం కాక మళ్ళీ అడిగాడు. మురళి మళ్ళీ చెప్పాడు.

"ఎందుకు తయారుచేస్తారంటున్నాడండీ."

"అమ్మడానికని చెప్పు."

చెప్పాడు. ముసలాయన చుట్టూ ఉన్న కొండలన్నీ ఒకసారి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "కొనేవాళ్ళున్నారా?" అన్నాడు. ఉన్నారని విన్నాక ఇంక నిలబడలేక అరుగు మీద కూలబడి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గడ్డి చెప్పులవాడు నా వ్యాపారాన్ని చూసి నవ్వడం ఏమిటని అప్పుడే మనసులో పెట్టుకున్నాను. రేపు కొండమీద చూపిస్తా, ఐసంటే ఎవరికి తెలుసో.

ఆ సాయంత్రమే మొదటి గొడవ. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి, తొమ్మిదికల్లా పైకి చేరాలి, మధ్యాహ్నానికి కిందికి దిగిపోవాలి అన్నాడు ముసలాయన. ఈ రోజుల్లో కొండ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుందట.

"కుదరదని చెప్పు," అన్నాను. "తెల్లారుజామున ఐసు గట్టిగా ఉంటుంది. గట్టి ఐసు జారుతుంది. ఎండెక్కాక కాస్త మెత్తబడితే అప్పుడు కాలు ఆనుతుంది."

"అది వాళ్ళ ఊరు బావగారూ, వాళ్ళకి తెలుసండీ."

"వాడు మంచుని చూశాడు. నేను తయారుచేశాను."

ఈ మాట ఎంత బాగా అన్నానో అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే నా పళ్ళు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తోంది. దేవీసింగ్ భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. ఇడ్లీ లేని ఊళ్ళో ఏదో రొట్టె తిని, వేడినీళ్ళ స్నానం చేసి, మేం బయల్దేరేసరికి తొమ్మిదయింది. ముసలాయన చెప్పినదాని ప్రకారం అది పైకి చేరవలసిన టైము.

మొదటి గంట దేవదారు చెట్ల మధ్య బురద. తర్వాత మంచు. దూరం నుంచి దూదిలా ఉంది. కాలు పెట్టానా, మోకాలు దాకా దిగింది. ఆ కాలు తీస్తే రెండోది దిగింది. నాలుగడుగులు వేస్తే ఇద్దరు కూలీల పని. ఎండకి పైపొర మెత్తబడిపోయింది, అదే తెల్లవారుజామునైతే గట్టి పొర మీద రోడ్డు మీద నడిచినట్టు పోయేవాళ్ళమట, మురళి అన్నాడు. ఇది ముసలాయన అనలేదు, ఊరికే నా కాళ్ళవంక చూశాడు. అనకపోవడమే నాకు ఇంకా మండింది. మురళి మాత్రం ప్రతి పది నిమిషాలకీ "మెత్తగా ఉందాండీ బావగారూ, కాలు ఆనుతోందాండీ?" అని అడుగుతూనే ఉన్నాడు.

పన్నెండు దాటాక ఒక ఏటవాలు వచ్చింది. అక్కడ మంచు పల్చన, కింద పాత ఐసు గాజులా మెరుస్తోంది. దాని మీదనుంచి కరిగిన నీళ్ళు సన్నగా పారుతున్నాయి. ఒకసారి జారి బోర్లా పడ్డాను. అప్పుడు తీశాను గోనె సంచులు.

ఆ పారే నీళ్ళలో సంచులు బాగా నానబెట్టాను. దేవీసింగ్ అది చూసి చేతులూపుతూ అరిచాడు.

"తడపొద్దంటున్నాడండీ. పొడిగానే కట్టుకోమంటున్నాడు, తన చెప్పుల్లాగా."

వాడి చెప్పులు చూశాను. ఎండుగడ్డి. ఆలోచన మాదే, సగంలో ఆగిపోయాడు పాపం, తడపడం తెలీలేదు అనుకున్నాను. నిజంగానే జాలిపడ్డాను సుబ్బారావుగారూ. "పొడి గోనె జారుతుందని చెప్పరా ఆయనకి. నేర్చుకోమను," అన్నాను. కాళ్ళకి రెండేసి సంచులు చుట్టి, కొబ్బరి తాడుతో బిగించాను. మిగిలిన రెండూ కలిపి మడిచి వెనక కట్టుకున్నాను. తాడు కూడా తడిపాను, తడిపితే ముడి వదులవదని. ఆ ముడి వెనక్కి వేశాను, ముందుంటే పొట్టకి గుచ్చుకుంటుందని. అన్నీ ఆలోచించే చేశాను, అదే కదా నా ఏడుపు.

మీరు నమ్మరు, తర్వాత రెండు గంటలసేపు ఆ గోనె అద్భుతంగా పనిచేసింది. మేకుల బూట్లతో మురళి రెండుసార్లు పడ్డాడు. నేను ఒక్కసారి కూడా జారలేదు. వెనక్కి తిరిగి వాడికి చెయ్యి కూడా అందించాను. నోరు ఆగుతుందా ఇంక. అమ్మోనియా ఏం చేస్తుంది, ఉప్పునీళ్ళ తొట్టి ఎందుకు, దిమ్మ మధ్యలో తెల్లగా ఎందుకొస్తుంది, అన్నీ చెప్పుకుంటూ ఎక్కాను. ఆయాసంతో మాట రాకపోతే ఆగి మరీ చెప్పాను.

మూడు కావస్తుండగా కొండ కొన కనపడింది. ఒక కర్ర పాతి ఎర్ర గుడ్డలు కట్టారు. రెండు ఫర్లాంగులు ఉంటుంది, అంతే. మురళి కెమెరా చూసుకున్నాడు. రీల్లో పన్నెండు ఫోటోలకి పదకొండు అయిపోయాయి, ఒక్కటే మిగిలింది. "ఇది మీ కోసమేనండీ బావగారూ, పైన దిగుదురుగాని," అన్నాడు. వాడు ఓడిపోయినట్టు మొహం పెట్టడం చూసి నా కడుపు చల్లబడింది. ఈ గోడ మీద ఆ ఫోటో కనపడిపోయింది నాకు, ఎర్ర గుడ్డల పక్కన నేను.

ఇంత గెలుపు ఖాయం అయ్యాక తొందరేముంది? పైగా ఎండ చుర్రుమంటోంది. స్వెట్టరు కింద చెమటలు కారి ప్యాంటు దాకా తడిసిపోయింది. పక్కనే ఇల్లంత బండరాయి, దాని వెనక చక్కటి నీడ. కాసేపు కూర్చుందామన్నాను.

ముసలాయన మళ్ళీ అరిచాడు. ఎండలో కూర్చోమంటున్నాడట.

బెజవాడలో పుట్టినవాడికి చెప్పే మాటేనా అది. మే నెలలో ఈ ఊళ్ళో ఎవడైనా నీడ వదిలేసి ఎండలో కూర్చుంటే ఆస్పత్రికి తీసుకెళ్తాం. కోపం కూడా రాలేదు నాకు, నవ్వొచ్చింది. నీడలోకి వెళ్ళి, గట్టి ఐసు మీద, మడిచిన గోనె వేసుకుని, మా వాళ్ళు దిమ్మ మీద కూర్చున్నట్టే కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో. వాళ్ళిద్దరూ ఎండలో, నేను నీడలో. బిస్కెట్లు తింటూ, కరెంటు కోతల్లో దిమ్మలు కరగకుండా నేనెలా కాపాడానో ఆ కథంతా మురళికి చెప్పాను. అరగంట పట్టింది. ఈలోగా ఎండ కొండ వెనక్కి జరిగింది, గాలి మొదలైంది.

"పదండి బావగారూ, చీకటి పడకముందే ఫోటో తీయాలి," అన్నాడు మురళి.

లేవబోయాను. లేవలేదు.

అలిసిపోయానేమో అనుకుని చేతులు ఆనించి మళ్ళీ లేచాను. అంటే పై సగం లేచింది. కింది సగం కూర్చునే ఉంది. కాళ్ళు లాగాను, రావు. తల వంచి చూస్తే తడి గోనె రేకులా బిగిసి, నేలతో ఏకమైపోయింది. ఎక్కడ గోనె అయిపోయిందో ఎక్కడ కొండ మొదలైందో తెలీడం లేదు. నాకు విషయం అర్థమైంది. మన ఊళ్ళో తడి గోనె ఐసుని పట్టుకుంటుంది, మన ఊరి వేడికి ఐసు ఎప్పుడూ కరుగుతూనే ఉంటుంది కాబట్టి వదిలేస్తుంది కూడా. ఇక్కడ పట్టుకున్నది వదలదు. పద్దెనిమిదేళ్ళ అనుభవంలో ఈ చిన్న ముక్క నాకు తట్టలేదు.

వెంటనే చెప్పానా? చెప్పలేదు. "మీరు నడుస్తూ ఉండండి, నేను కాస్త ప్రకృతి చూసి వస్తాను," అన్నాను.

మురళి అనుమానంగా చూశాడు. "మీరు ప్రకాశం బ్యారేజీ మీద కూడా ఎప్పుడూ ఆగి చూడలేదు కదాండీ."

"మనిషి మారకూడదా?"

"బావగారూ, ఒకసారి లేవండి."

ఇంక దాచి లాభం లేకపోయింది. చెరొక చెయ్యీ పట్టుకుని లాగారు. స్వెట్టరు చేతులు జానెడు సాగాయి, నేను మాత్రం కదల్లేదు. దేవీసింగ్ ఇనుప కర్రతో కాళ్ళ చుట్టూ పొడిచి పొడిచి ముందు కాళ్ళు విడిపించాడు. తర్వాత నడుము తాడు. ముడి వెనక వేశాను కదా, దాని మీదే కూర్చున్నాను. కత్తి తీసి ముందువైపు తాడు కోశాడు. కోస్తే ఏముంది, చెమటకి తడిసిన ప్యాంటు కూడా గోనెకి అతుక్కుపోయింది. తాడు వచ్చింది, నేను రాలేదు.

అప్పుడు దేవీసింగ్ మొహం చూశాను. నవ్వడం లేదు. పడమటి వైపు చూస్తూ గబగబా ఏదో చెప్పాడు. ఇంకో గంటలో వాలు మొత్తం గాజులా గడ్డకడుతుంది, అప్పుడు దిగడం ఎవరివల్లా కాదు, రాత్రి ఇక్కడ మనిషి మిగలడు అన్నాడట. అప్పుడు నాకు నిజంగా భయమేసింది సుబ్బారావుగారూ. మీరు నవ్వండి ఫరవాలేదు, నాకు మాత్రం ఈ గోడ కనపడింది, ఈ ఖాళీ ఫ్రేము కనపడింది, దాని పక్కన బంతిపూల దండ పట్టుకుని కోటయ్య కనపడ్డాడు. నా ఫోటో ఒకటి వెతికి పెడతారు, మా పెళ్ళినాటిది అయి ఉంటుంది, వచ్చినవాళ్ళకి మా ఆవిడ ఏమని చెబుతుంది? కొండెక్కి పోయాడనా? నీడలో కూర్చుని పోయాడనే చెప్పాలి.

మా ఫ్యాక్టరీలో దిమ్మ డబ్బాలోంచి ఊడి రావాలంటే ఏం చేస్తాం? డబ్బాని మామూలు నీళ్ళ తొట్టిలో ముంచుతాం. అంచు కరిగి దిమ్మ జర్రున జారుతుంది. ఇక్కడ డబ్బా కొండ, దిమ్మ నేను. నీళ్ళు లేవు, ఫ్లాస్కులో టీ ఉంది. పైన ఎర్ర గుడ్డల దగ్గర తాగుదామని పొద్దుటినుంచి ముగ్గురం ముట్టుకోకుండా మోసిన టీ. దేవీసింగ్ ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో బాధ ఉంది, అది నా గురించి కాదని మాత్రం నాకు తెలుసు. వంగి, నా వెనక, గోనె అంచు వెంట వేడి టీ పోయడం మొదలుపెట్టాడు. నేనేదో అంటున్నాను. సరిగ్గా అప్పుడు టక్కుమని చప్పుడైంది. మిగిలిన ఆ ఒక్క ఫోటో మురళి తీసేశాడు.

ఊడొచ్చాను లెండి. రెండు సంచులూ, కొత్త ఉన్ని ప్యాంటులో అప్పడమంత ముక్కా అక్కడే ఉండిపోయాయి. బహుశా ఇప్పటికీ ఉంటాయి. లేవగానే ఎర్ర గుడ్డలవైపు చూసి, రెండు ఫర్లాంగులే కదా, పరిగెత్తుకెళ్ళి ముట్టుకొస్తానన్నాను. "నహీ," అన్నాడు ముసలాయన. అది నాకు ఎవరూ తెలుగు చేయనవసరం లేకుండానే అర్థమైంది.

దిగేటప్పుడు ప్యాంటుకి పట్టిన టీ కూడా గడ్డకట్టి, వెనకంతా రేకు కట్టుకున్నట్టయింది. మురళి మఫ్లరు తీసి నా నడుముకి చుట్టాడు. దేవీసింగ్ ముందు నడుస్తూ కర్రతో మెట్లు కొట్టాడు, ఒక్కో మెట్టులో నా కాలు తనే పట్టుకుని పెట్టాడు. చెట్లలోకి చేరాక నన్ను కూర్చోబెట్టి, నా బూట్లు విప్పి, తన సంచిలోంచి ఎండుగడ్డి తీసి లోపల కుక్కి మళ్ళీ తొడిగాడు. పొడి గడ్డి. కాళ్ళు వెచ్చబడ్డాయి. పొద్దుటినుంచీ వాడు వీడు అని తీసిపారేసిన మనిషి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఆ పని చేస్తుంటే నాకు సిగ్గేసింది. ఏదైనా వంక పెడదామని చూశాను, దొరకలేదు.

ఊళ్ళోకి చేరాక ఆయన మురళిని ఒకే ఒక్క మాట అడిగాడు. మురళి నాకు చెప్పలేదు. బస్సులో అడిగితే చెప్పలేదు, రైల్లో అడిగితే చెప్పలేదు. ఢిల్లీ దాటి, నేను పారిపోవడానికి వీల్లేని చోటు వచ్చాక చెప్పాడు. "మీ ఊళ్ళో ఐసు ఈయన దగ్గరే ఎందుకు కొంటున్నారు, వేరే ఎవరూ లేరా?" అన్నాడట.

ఫోటో కడిగించి, సైజు పెంచి, మురళే తెచ్చి ఇదిగో ఈ ఫ్రేములో పెట్టి తగిలించాడు. మా ఆవిడ దగ్గరుండి వంకర లేకుండా సరిచేసింది. మాట మాటే కదా, ఏడాది ఉంచాలి. వాళ్ళు గేటు దాటగానే గోడవైపు తిప్పేశాను. ఇదే ఫ్రేము, ఇదే మేకు అన్నాను గానీ, మొహం ఎటుండాలో ఎవరూ అనలేదు. ఐసు వ్యాపారం రాకపోయినా మాట వ్యాపారం వచ్చు నాకు.

అయ్యో, చెబుతూనే ఉన్నాను, తిప్పేశారే. సరే, చూడండి. కడుపారా నవ్వండి. ఆ వెనక గుడ్డలు కనపడుతున్నాయా, అంత దగ్గర. ఆ వంగింది దేవీసింగ్, ఆ పొగ టీది. అందరూ నేను కూర్చున్న తీరు చూసి నవ్వుతారు, అందుకే తిప్పి పెట్టానని కోటయ్య అనుకుంటున్నాడు. దానికి కాదండి. నా కుడిచెయ్యి చూడండి. వేలు చూపిస్తూ, నోరు తెరిచి ఆయనకి ఏదో చెబుతున్నాను చూశారా. ఏం చెబుతున్నానో నాకు గుర్తుంది. "మధ్యలో కాదయ్యా, అంచుల వెంట పోయాలి, నీకు ఐసు గురించి ఏమీ తెలీదు," అంటున్నాను.